దిగులుతో నడిచిన దైవజనుడు

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోని మన సంఘాల్లో ఎవరైనా నిద్రపట్టక, అన్నం సహించక, ఊరకే కన్నీళ్లు పెట్టుకుంటుంటే మనం వెంటనే ఒక మాట అనేస్తాం: విశ్వాసం తగ్గిందని, లేదా దయ్యం పట్టిందని. ఆ మాట అనేముందు చార్లెస్ స్పర్జన్‌ను తలచుకుందాం.

1834లో ఇంగ్లండులో పుట్టిన ఈ బాప్టిస్టు బోధకుడు ఇరవై ఏళ్లయినా నిండకముందే లండన్‌లో సంఘకాపరి అయ్యారు. 1856 అక్టోబరు 19న సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో వేలాదిమందితో ఆరాధన జరుగుతుండగా, ఎవరో నిప్పంటుకుందని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఇరవై రెండేళ్ల స్పర్జన్ కుప్పకూలిపోయారు. కొన్నాళ్లు బైబిలును చూసినా ఆయనకు ఏడుపు వచ్చేది.

తిరిగి ప్రసంగపీఠం ఎక్కినా ఆ దిగులు జీవితాంతం వచ్చిపోతూనే ఉంది. ఆయన దాన్ని దాచలేదు. ఒంటి జబ్బు, అధిక శ్రమ, ఒంటరితనం సేవకుణ్ణి కుంగదీస్తాయని, విశ్రాంతి తీసుకోవడం పాపం కాదని తన కాలేజీ విద్యార్థులకు బోధించారు. తానూ చలికాలంలో ఫ్రాన్సులోని మెంటన్‌కు వెళ్లేవారు. 1892లో అక్కడే ప్రభువునందు నిద్రించారు.

ఆయన కాలంలో లేని వైద్యం నేడు మనకుంది. కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి. మందు గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరును అడగకుండా మానకూడదు. టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టించాడు. మనమూ కుంగినవారి కోసం ప్రార్థిద్దాం, ఆసుపత్రికి తోడుగానూ వెళ్దాం.