వెన్ను విలువ నెరిగిన వెంకటరామన్

ఉగాదినాటి పచ్చడిలో క్రొత్త బెల్లము, భోగినాడు పసిపిల్లల తలపై పోయు భోగిపండ్లలో చెరకు ముక్కలు, శుభవార్త తెచ్చినవారి నోటిలో పెట్టు చిటికెడు పంచదార - స్వస్థలమునకు ఎంత దూరమున ఉద్యోగము చేయుచున్నను తెలుగువారి యింట ఈ తీపి తప్పదు. కాని, ఈ తీపి వెనుక ఒక ప్రభుత్వోద్యోగి ముప్పది యేండ్ల పరిశ్రమ దాగియున్నదని ఎరిగినవారు మనలో కొలదిమంది మాత్రమే. ఆయన సర్ టి. ఎస్. వెంకటరామన్ గారు. ఆయన పేరు వినని రైతుకూడ ఆయన పెంచిన చెరకును నాటియుండును.

సుమతీ శతకమును బాల్యమున వల్లించినవారికి చెరకు వెన్ను జ్ఞాపకముండక మానదు. వంశమునకు చెరుపు తెచ్చు కొడుకును శతకకారుడు చెరకు కొనయందు పుట్టు వెన్నుతో పోల్చెను. రైతుల యనుభవము కూడ అదియే. వెన్ను తీసిన గడ ఎదుగుట మానును. కొట్టుట ఆలస్యమైనచో లోపల బెండుబారి, రసమునందలి తీపి తగ్గును. ఇక రెల్లు సంగతి చెప్పనక్కరలేదు. ఏటియొడ్డులను, చేలగట్లను పట్టి పెరుగు ఆ గడ్డి పాకల కప్పునకు పనికివచ్చునేమో గాని, చేనిలో దిగినచో దానిని వదలించుకొనుట రైతునకు తలకు మించిన పని. రైతు ఏవగించుకొను ఈ వెన్నును, ఈ రెల్లును భారతదేశపు పంచదారకు మూలధనముగా మార్చిన ఘనత వెంకటరామన్ గారికిని, ఆయన గురువునకును చెందును.

తిరువాది సాంబశివయ్యరు వెంకటరామన్ గారు 1884వ సంవత్సరము జూన్ 15వ తేదీన జన్మించిరి. తిరుచిరాపల్లిలోని సెయింట్ జోసఫ్ కళాశాలలోను, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను విద్య నభ్యసించి, వ్యవసాయశాఖలో ప్రవేశించిరి. కోయంబత్తూరులో ఆయనకు లభించిన పై అధికారి డాక్టర్ చార్లెస్ ఆల్ఫ్రెడ్ బార్బర్ అను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు. 1912లో అచ్చట చెరకు ప్రజనన కేంద్రము స్థాపింపబడినప్పుడు బార్బర్ గారు దానికి అధిపతియైరి. వెంకటరామన్ గారు సహాయకులైరి.

ఆనాటి దేశపరిస్థితిని కొంత తెలిసికొననిదే ఆ కేంద్రము యొక్క ప్రయోజనము బోధపడదు. చెరకు మన దేశమున వేల యేండ్లుగా సాగులో ఉన్నది. శర్కర అను సంస్కృత పదమే రూపములు మార్చుకొని ప్రపంచ భాషలనేకములలో పంచదారకు పేరైనది. అట్టి దేశము ఇరువదవ శతాబ్ద ప్రారంభమున జావా దీవినుండి ఓడలలో వచ్చు పంచదారకై ఎదురుచూచుచుండెను. కారణము చెరకులోనే యుండెను. దక్షిణదేశమున పండు లావుపాటి మెత్తని చెరకు రసవంతమైనదే గాని సుకుమారమైనది. పంజాబు, సంయుక్త రాష్ట్రములు, బీహారులందలి చలికిని, వడగాలికిని, నీటి ఎద్దడికిని అది నిలువజాలదు. దేశమునందలి చెరకు సాగులో అధికభాగము ఆ ఉత్తరదేశముననే యుండెను. అచ్చటి రైతులు పండించు సన్నని చెరకు మొండిదే గాని, దాని దిగుబడి స్వల్పము. ఒకదానికి తీపి యుండి బలము లేదు. మరియొకదానికి బలముండి ఫలము లేదు.

ఈ రెంటి గుణములను ఒక్క గడలో కూర్చుటెట్లు? రైతు చెరకును ముచ్చెలు నాటి పెంచును. ముచ్చెనుండి పుట్టిన మొక్క తల్లికి అచ్చమైన ప్రతిరూపమే. నూరేండ్లు నాటినను అందు క్రొత్తదనము సాధారణముగా కానరాదు. క్రొత్త రకము పుట్టవలెనన్న విత్తనము కావలెను, విత్తనము కావలెనన్న పూత కావలెను. అనగా రైతు శపించు వెన్నే శాస్త్రజ్ఞునకు శరణ్యము. చెరకునకు మొలకెత్తు విత్తనమే లేదని లోకము చిరకాలము నమ్మియుండెను. 1880 దశాబ్దము చివర జావాలోను, బార్బడోసు దీవిలోను ఆ నమ్మకము తొలగినది. మన ఉత్తరదేశమున చెరకు పూయుట అరుదు. పూచినను గింజ పట్టుట కష్టము. కోయంబత్తూరు గాలిలో ఏమి మహిమయో గాని, అచ్చట చెరకు విరివిగా పూచి, గింజ పట్టును. పంజాబు రైతునకు కావలసిన చెరకు తమిళదేశపు పడమటి భాగమున పుట్టుటకు కారణమిదియే.

ఆ పని యెంత సున్నితమైనదో చెప్పిననే గాని తెలియదు. చెరకు వెన్నునందు వేలకొలది చిరుపూవులుండును. ఒక్కొక్క పూవునందు ఆడ, మగ భాగములు రెండును ఉండును. తన పుప్పొడి తనకే తగిలినచో సంకరము జరుగదు. అందుచేత పుప్పొడి చచ్చుదైన రకమును తల్లిగా ఎంచుకొని, సత్తువగల పుప్పొడి కల రకమును తండ్రిగా తేవలెను. పుప్పొడిపై అయోడిన్ చుక్క వేసి, నల్లబడిన రేణువులను బట్టి దాని సత్తువను నిర్ణయింతురు. తెల్లవారుజామున తండ్రి వెన్నును తెచ్చి తల్లి వెన్నుపై దులుపవలెను. పరాయి పుప్పొడి సోకకుండ కాపాడవలెను. దూదివలె ఎగిరిపోవు ఆ సన్నని గింజలను సేకరించి కుండీలలో చల్లి, మొలచిన నారును పొలమున నాటి, వేలకొలది మొక్కలలో ఏ కొలదియో ఏరవలెను. అట్లేరిన వానిని మరల ముచ్చెలు కొట్టి నాటి, ఏండ్ల తరబడి పలు ప్రాంతములలో పరీక్షింపవలెను. నేడు చల్లిన గింజ ఫలమేదో తెలియుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. ఆ ఫలము శూన్యమగుటయే తరచుగా జరుగును.

తొలి సంవత్సరములలోనే గురుశిష్యులు ఒక సాహసము చేసిరి. వెల్లై అను దక్షిణదేశపు లావు చెరకును, కోయంబత్తూరు ప్రాంతపు రెల్లుతో సంకరము చేసిరి. తీపికై పెంచు చెరకునకు, తీపి యెరుగని గడ్డితో వియ్యము! ఆ కలయికనుండి పుట్టినదే కో 205. 1918లో అది పంజాబు రైతుల చేలకు చేరినది. అచ్చటి కాఠా అను స్థానిక రకము కంటె అది దాదాపు సగము అధికముగా దిగుబడి నిచ్చెను. అది నారపాలు హెచ్చుగా గల గట్టి చెరకు. రసమున మేటి కాదు. అయినను వడగాలికి తలవంచక, నీరు చాలక పోయినను చావక, గానుగ నింపినది. వేరొక జాతి అడవి గడ్డితో కలిపి రైతు చేనికి తగిన చెరకును సృష్టించి, వాణిజ్యముగా సాగునకు తెచ్చుటలో ఇది మొదటి విజయముగా శాస్త్రజ్ఞులు పరిగణింతురు.

1919లో బార్బర్ గారు ఉద్యోగమునుండి విరమించి స్వదేశమునకు మరలిరి. కేంద్రము బాధ్యత వెంకటరామన్ గారి భుజములపై పడెను. 1942 వరకు ఆ బాధ్యతను వహించి, ఆయన మొత్తము ముప్పది సంవత్సరములు ఆ ఒక్క చోటనే ఒక్క మొక్కను సేవించిరి. కో 213, కో 281, కో 290, కో 312, కో 313 మొదలైన రకములు వరుసగా వెలువడినవి. దక్షిణపు చెరకు తీపిని, ఉత్తరపు చెరకు ఓర్పును, రెల్లు మొండితనమును - మూడు జాతుల రక్తమును ఒక్క గడలో కూర్చు విద్యను ఆయన పరిపక్వమొనర్చిరి. 1932లో ఉత్తరదేశపు అవసరములకై కర్నాలులో ఉపకేంద్రము కూడ ఏర్పడెను.

అదే సంవత్సరము ప్రభుత్వము పంచదార పరిశ్రమకు రక్షణ కల్పించు చట్టము చేసెను. అప్పటికి దేశమున సుమారు 30 కర్మాగారములు మాత్రమే యుండెను. అయిదారు సంవత్సరములలో అవి 130 దాటినవి. జావా పంచదార దిగుమతి దాదాపు నిలిచిపోయెను. చట్టము తలుపు తెరచినది నిజమే. కాని కర్మాగారములు ఆడించుటకు చేలలో తగినంత మంచి చెరకు ముందే సిద్ధముగా లేకున్నచో ఆ తలుపు తెరచియు ప్రయోజనముండెడిది కాదు.

మన తెలుగునాటికి ఆయన ఋణము ప్రత్యేకమైనది. జావాలో ప్రసిద్ధిగాంచిన పి.ఓ.జె. 2878 రకమునకును, కోయంబత్తూరు కో 290కిని జరిపిన సంకరమున కో 419 పుట్టెను. ఆ జావా చెరకులో సైతము ఆ దీవి రెల్లు అంశ కలదు. లావైన గడ, పుష్కలమైన రసము, మంచి దిగుబడి గల ఈ రకము కోస్తా ఆంధ్రమునందును, దక్కనునందును చిరకాలము రాజ్యమేలినది. 1937 జనవరిలో హైదరాబాదున జరిగిన భారత విజ్ఞాన మహాసభకు వెంకటరామన్ గారే అధ్యక్షులు. ఆ గౌరవపీఠమునుండి ఆయన తన చెరకును గూర్చి గాక, భారతదేశపు పల్లెను గూర్చి - దాని భూత వర్తమాన భవిష్యత్తులను గూర్చి - ప్రసంగించిరి. పరిశోధనాలయపు కుండీలో మొలచు గింజ చివరకు ఎవరి వాకిట చేరవలెనో ఆయన ఎన్నడును మరువలేదు.

ఆయన సంతతి దేశపు ఎల్లలు దాటినది. కో 281, కో 290 రకములు అమెరికాలోని లూసియానాలోను, దక్షిణాఫ్రికాలోను పండినవి. కోయంబత్తూరులో కో 421, కో 312ల సంకరమున పుట్టిన విత్తనమును దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపగా, అచ్చట ఏరి పెంచిన ఎన్‌కో 310 అనేక దేశములలో వ్యాపించెను. ఒకనాడు పంచదారకై చేయిచాచిన దేశము లోకమునకు చెరకును దానము చేయుచుండెను.

అయినను ఆయన జీవితమున అన్నియు విజయములే యనుట సత్యము కాదు. పొలమున ఏడాదిపాటు నిలుచు చెరకును త్వరగా పండింపవలెనని జొన్నతో సంకరము చేసిరి. వెదురుతో సైతము ప్రయత్నించిరి. 1934 నుండి 1939 వరకు కోయంబత్తూరున పనిచేసిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞురాలు జానకి అమ్మాళ్ ఇట్టి సంకరముల కణములను సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. శాస్త్రమున కవి క్రొత్త వెలుగు నిచ్చినవి గాని, రైతు చేనికి పంటగా దిగలేదు. అంతకంటె పెద్ద దెబ్బ మరియొకటి. బీహారు, తూర్పు సంయుక్త రాష్ట్రములలో వేలాది ఎకరములు ఆక్రమించిన కో 213కు 1938-39 ప్రాంతమున ఎర్రకుళ్ళు తెగులు సోకెను. పచ్చగా నిలిచిన చేలు ఎండిపోయెను. గడను చీల్చిన లోపల ఎర్రని చారలు, పులిసిన వాసన తప్ప రసము లేదు. ఎంత మేలైన రకమైనను, ఒక్కదానినే నమ్మి దేశమంతట నాటినచో తెగులునకు విందు చేసినట్లేయని ఆ యేటి నష్టము బోధించినది. ఆ పాఠము నేటికిని పాతబడలేదు. కర్నాలు కేంద్రమున పుట్టి 2009లో విడుదలైన కో 0238 ఉత్తరప్రదేశపు చెరకు చేలలో నూటికి 80 పాళ్ళకు మించి ఆక్రమించి, రైతునకు సిరులు కురిపించి, పదేండ్లు తిరుగునప్పటికి అదే ఎర్రకుళ్ళునకు లోనయ్యెను. కావుననే ప్రజననకారునకు చివరి విజయమనునది లేదు. ఒక రకము నిలిచియుండగనే దాని వారసుని సిద్ధము చేయవలెను.

ఆంగ్ల ప్రభుత్వము వెంకటరామన్ గారిని సర్ బిరుదముతో గౌరవించెను. స్వతంత్ర భారత ప్రభుత్వము 1956లో పద్మభూషణము నొసగెను. 1963 జనవరి 18న ఆయన పరమపదించిరి.

ఆయన కీర్తిని గూర్చి ఆలోచించునప్పుడు ఒక చిన్న విషయము మనసును తాకును. ఆయన కాలమున పుట్టిన రకములలో దేనికిని ఆయన పేరు పెట్టబడలేదు. కో అనగా కోయంబత్తూరు. తరువాత ఒక సంఖ్య. ఊరి పేరు, వరుస సంఖ్య - అంతే. కార్యాలయపు దస్త్రములలో మన పనికూడ అట్లే సంఖ్యలుగా మిగులును. సంతకము చేసినవాని పేరు కొలదికాలమునకే మరుగునపడును. దానికి చింతింప నక్కరలేదని ఈ మహనీయుని జీవితము చెప్పుచున్నది. వచ్చు ఉగాదికి పచ్చడి కలుపునప్పుడు మన పిల్లలకు ఈ కథ చెప్పుదము. చేనిగట్టున వంగిన రెల్లుపూవును చూచి, ఇది మన బెల్లమునకు బంధువని వారు గుర్తించినచో, ఆయన స్మృతికి అంతకంటె తగిన నివాళి వేరొకటి యుండదు.