భాగ్యరెడ్డివర్మగారి జీవితచరిత్రము

బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట 1855వ సంవత్సరమున పూర్తియైన పిమ్మట కాలువలు క్రమముగా సముద్రతీరమువైపు సాగెను. ఆ కాలువలకు తుదిభాగమైన కృత్తివెన్ను ప్రాంతమువంటి యుప్పునేలలందుగూడ కాలక్రమమున వరి పండజొచ్చెను. మన్ను మోసి గట్లు వేసినవారును, నాట్లు వేసి కోతలు కోసినవారును పెక్కుచోట్ల మాలలును మాదిగలునే. అయినను గ్రామకార్యములు విచారించు రచ్చబండకడ వారికి తావు లేకుండెను. మంచినీటి చెఱువున వారి కడవ మునుగరాదు. గ్రామమునకు దొర వచ్చినప్పుడు మూటలు మోయుటకు పిలువబడువారు వారే. గ్రామస్థితినిగూర్చి ఆ దొర ప్రశ్నించునప్పుడు బదులు చెప్పువారు మాత్రము మునసబు కరణములు, పెత్తందారులు. ఇట్టి జనులు తమ సంగతి తామే ప్రభుత్వమునకును లోకమునకును చెప్పుకొనుట యెట్లు ప్రారంభమయ్యెనో తెలియగోరువారు భాగ్యరెడ్డివర్మగారి చరిత్ర మెఱుగవలెను. ఆయన హైదరాబాదు నగరవాసి. కాని ఆయన జీవితమునందలి ముఖ్యఘట్ట మొకటి మన కృష్ణాతీరముననే జరిగినది.

వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీని మాలకులమున జన్మించిరి. ఇంటిపేరు మాదరి, తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. శిశువునకు మొదట పెట్టిన పేరు భాగయ్య. వారి కులగురువు ఒకానొకప్పుడు ఆ యింటికి వచ్చి, పూర్వమీ కులమువారే దేశము నేలినవారనియు, రెడ్డి యను మాట రేడు అనుదానినుండి పుట్టినదనియు చెప్పి, బాలుని పేరు భాగ్యరెడ్డి యని మార్చెనని చెప్పుదురు. ఆ వ్యుత్పత్తిని శబ్దశాస్త్రజ్ఞు లొప్పుకొందురో లేదో యను విచారణ యిచట మనకు బనిలేదు. పిమ్మట వర్మగారు చేసిన పనిలో పేరునకు గల ప్రాధాన్యము చూచినవారికి ఈ కథ జ్ఞాపకమునకు రాక మానదు.

తండ్రి చిన్నతనముననే గతించుటచే కుటుంబము దారిద్ర్యమున బడెను. సికిందరాబాదునందు డాస్ సాంటోస్ అను క్రైస్తవ న్యాయవాది యింట భాగ్యరెడ్డి కొలువు కుదిరి, అచ్చటనే చదువును లోకవ్యవహారమును నేర్చుకొనెను. న్యాయవాదుల యిండ్లలో గుమాస్తాలకంటె ఇంటి సేవకులు ఎక్కువ నేర్చుకొనుట మా వృత్తిలో క్రొత్త సంగతి గాదు.

పదునెనిమిదేండ్ల ప్రాయమున, అనగా 1906వ సంవత్సరమున, ఆయన జగన్మిత్రమండలి స్థాపించిరి. మండలివారు పేటలకు బోయి భజనలు చేయుచు, హరికథలు చెప్పుచు, కల్లుసారాయములవలని నష్టమును, జంతుబలులవలని పాపమును, ఆడుబిడ్డలను దేవతలపేర విడుచు దురాచారమును జనులకు బోధించుచుండిరి. అక్షరము రానివారిని సభకు రప్పించుటకు ఉపన్యాసముకంటె హరికథ మేలని ఆయన తొలుతనే గ్రహించిరి. ఇది చిన్న గ్రహింపు గాదు. మన సంస్కరణసభలలో ఉపన్యాసకుడును అధ్యక్షుడును బల్లలమీద నిదురించు నలుగురును మాత్రమే యుండుటకు ఈ గ్రహింపు లేకుండుటయే కారణము. 1910వ సంవత్సరమున ఇసామియా బజారునందు తమవారి పిల్లలకై పాఠశాల తెఱచిరి. అట్టివి క్రమముగా పెరిగి యిరువదికి మించెను. 1911లో మండలికి మాన్యసంఘ మను పేరు వచ్చెను. వర్మ యను బిరుదము ఆర్యసమాజమువా రిచ్చినది. బ్రహ్మసమాజ సిద్ధాంతములయందును ఆయనకు ఆదరముండెను. విగ్రహములకును జన్మభేదములకును దూరమైన యుపాసన ఆయనకు నచ్చినది. తరువాత బుద్ధునివైపును ఆయన మనస్సు మరలెను. ఏ సమాజమునకును ఆయన పూర్తిగా లోబడలేదని కొందఱు మనలో నిష్ఠురమాడుదురు. ఆయనకు మతము తమవారిని నిలువబెట్టు సాధనముగూడ నైయుండెనని తలచినచో ఆ నిష్ఠురమునకు తావుండదు.

ఆయన పనులలో మఱియొకటి నాకు మిక్కిలి ముఖ్యముగా దోచును. తమవారిలోని వివాదములు తీర్చుటకు కులపంచాయతీలను పునరుద్ధరించి, వానిని క్రమమున నడపించిరి. ఆలుమగల తగవులు, అప్పులు, ఆస్తి పంపకములు మొదలగునవి అచ్చట విచారింపబడుచుండెను. ఊరి పెద్దల వాకిట చేతులు కట్టుకొని నిలువవలసినవారు తమలో దామే కూర్చుండి, ఇరుపక్షముల మాట విని, తీర్పు చెప్ప నేర్చిరి. ఎవని మాటయు వినక యొక్కడు పెద్దఱికము చేయుట యెంత సులభమో, పదిమంది కలిసి విని యొక నిర్ణయమునకు వచ్చుట అంత కష్టము. ప్రజాపరిపాలన మనుదానికి అక్షరాభ్యాసము అదియే.

ఇక బెజవాడ సంగతి. 1917వ సంవత్సరము ఆగస్టు నెలలో భారతదేశమునకు క్రమక్రమముగా బాధ్యతాయుత పరిపాలన మొసగుదుమని మాంటేగు ఇంగ్లండునందు ప్రకటించెను. నవంబరు నెలలో ఆయన స్వయముగా ఈ దేశమునకు వచ్చుచుండెను. ప్రతి వర్గమువారును తమ విన్నపములు సిద్ధపఱచుకొనుచుండిరి. ఆ నవంబరు మొదటివారమున, ఈ జనుల సేవకై పాటుపడుచుండిన బ్రాహ్మణ సంస్కర్త గూడూరు రామచంద్రరావుగారు మొదలగువారు బెజవాడలో ఒక మహాసభ గూర్చిరి. ఆహ్వానసంఘాధ్యక్షులు సుండ్రు వెంకయ్యగారు; మహాసభాధ్యక్షులుగా హైదరాబాదునుండి భాగ్యరెడ్డివర్మగారిని పిలిపించిరి. సభ మూడుదినములు జరిగెను. ఆ మూడుదినములును కనకదుర్గ గుడి తలుపులు మూసియుంచిరి. సభకు వచ్చినవారు గుడిలోనికి బోవుదుమని యనలేదు. వత్తురేమో యను భయముననే మూసిరి.

సభను గూర్చినవారి సద్బుద్ధిని శంకింప బనిలేదు. వారు దానికి పెట్టిన పేరు ప్రథమాంధ్రదేశ పంచమ మహాసభ. పంచములనగా నాలుగు వర్ణములకు వెలుపల నున్న యైదవవారు. ఆ కాలమున అది తిట్టు గాదు. అంతకంటె నీచమగు మాటలకు బదులుగా దయగలవారు మర్యాదకై వాడుచుండిన పదము. అధ్యక్షపీఠ మెక్కిన వర్మగారు ఆ పదమునే ముందుగా విచారణకు దీసికొనిరి. పురాణములందును చరిత్రయందును ఈ జనులకు పంచములను పేరు లేదనియు, వీరు ఈ భూమికి మొదటినుండియు బిడ్డలనియు, ఆంధ్రదేశమున నివసించువారు గావున ఆదిఆంధ్రులనుటయే యుక్తమనియు వాదించిరి. సభవా రంగీకరించిరి. పంచమ మహాసభగా కూడిన సభ ఆదిఆంధ్ర మహాసభగా ముగిసెను. తమ పేటలలో పాఠశాలలును నూతులును కావలెననియు, పురపాలకసంఘములు మొదలగు స్థానికసంఘములందును శాసనసభయందును తమవారిని నియమింపవలెననియు ప్రభుత్వమును గోరిరి.

ఆహ్వానించినవారు పెట్టిన పేరును ఆహూతులు మార్చిరన్న సంగతి చదువరులు గమనింతురుగాక. మన సమాజములందు ఉద్ధరణ మను మాట తఱచుగా వినబడును. మన బందరున జన్మించిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు కాకినాడయందు ఈ కులముల బాలురకు వసతిగృహము నడపి, మాటను క్రియలో జూపిరి, అట్టివారికి నమస్కరించుచున్నాను. అయినను ఉద్ధరింపబడినవాడు లేచి నిలిచి, మనము ప్రేమతో నిచ్చిన పేరు తనకు వలదన్నచో వినుటకు మనలో నెందఱు సిద్ధముగా నున్నారు? తన పేరు తాను వ్రాసికొననివాని యర్జీ యే కచేరియందును నిలువదు. బెజవాడలో జరిగినది ఆ మొదటి పంక్తిని వ్రాయుటయే.

తరువాతి సంవత్సరములందు ఆదిఆంధ్ర సభలు కృష్ణా గోదావరి మండలములలో పలుచోట్ల జరిగెను. 1922వ సంవత్సరమున మదరాసు శాసనసభలో ఎం. సి. రాజాగారు తెచ్చిన తీర్మానము ననుసరించి, ప్రభుత్వమువారు తమ దస్తావేజులలో పంచమ, పఱయ మొదలగు పేరులకు మాఱుగా ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర పదములను వాడుట కంగీకరించిరి. అప్పటి యోటుహక్కు శిస్తులు చెల్లించు ఆస్తిపరులకే గావున కృత్తివెన్నువంటి యూళ్ల కూలివాని కది యందని పండు. కాని 1931వ సంవత్సరపు జనాభాలెక్కలకు వచ్చిన గుమాస్తా ప్రతి గుడిసెయొద్దను నిలిచి కులమేమని యడుగక తప్పదు. ఆ లెక్కలలో మదరాసు రాజధానియందలి మాలమాదిగలలో సుమారు మూడవవంతు, 8 లక్షలకు మించినవారు, ఆదిఆంధ్రులమని వ్రాయించుకొనిరి. చదువు రానివారు, సభాభవనము చూడనివారు, తమ నోటితో నొక మాట చెప్పి ప్రభుత్వగ్రంథములో నెక్కించుట అది.

నైజాము రాజ్యమున పరిస్థితి మఱింత కఠినము. అచ్చట ఎన్నికలు లేవు. సభ పెట్టుటకే సర్కారు సెలవు గావలెను. అందుచే వర్మగారు ఆదిహిందూ సంఘసేవ యను పేర పాఠశాలలను, పంచాయతీలను, విన్నపములను ఆధారముగా జేసికొనిరి. జనాభాలెక్కలలో తమవారిని ఆదిహిందువులుగా వ్రాయవలెనని పట్టుబట్టి సాధించిరి. 1930లో లక్నో నగరమున జరిగిన అఖిలభారత ఆదిహిందూ మహాసభకు అధ్యక్షత వహించిరి. 1931లో భాగ్యనగర్ పత్రికను ప్రారంభించిరి.

ఆయన పనిలో కొఱత లేదనుట సత్యము గాదు. ఆదిహిందువులను పేరు అందఱికిని వర్తించినను, ఆయన సంఘములో మాలల ప్రాబల్యమే హెచ్చు. మాదిగలు తమకు తగినచోటు దొరకలేదని తలచి అరుంధతీయ సభ లేర్పఱచుకొనిరి. అరిగె రామస్వామిగారికిని ఆయనకును ఈ విషయమున భేదములు గలిగెను. పెద్దమెట్టుపై నున్నవారిని ప్రశ్నించినవారు తమకు క్రిందిమెట్టున నున్నవారి ప్రశ్నకు వెనుదీయుట యీ దేశమున పలుమాఱు జరిగినది. వర్మగారు దాని కతీతులు గారు.

ఆయన 1939వ సంవత్సరము ఫిబ్రవరి నెల 18వ తేదీని కాలధర్మము నొందిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము వయసు వచ్చిన ప్రతివానికిని ఓటు నిచ్చెను. 1993వ సంవత్సరపు సవరణ పిమ్మట గ్రామపంచాయతీలయందు సర్పంచి పదవులు ఈ కులములవారికిని స్త్రీలకును వంతులవారీగా ప్రత్యేకింపబడుచున్నవి. అట్టి సర్పంచి కుర్చీయం దుండగా ఊరి మోతుబరి పక్కన గూర్చుండి బదులు చెప్పుట నేటికిని కొన్నిచోట్ల జరుగుచునే యున్నది. ఆంధ్రప్రదేశమునకు వర్తించు షెడ్యూల్డు కులముల పట్టికలో మొదటి పేరు ఆదిఆంధ్ర. తీరగ్రామములనుండి పట్టణమునకు చదువునకై వచ్చు బాలబాలికలలో కొందఱి కులధ్రువపత్రములమీద నేటికిని ఆ మాటయే యుండును.