గీతలకు లెక్క నేర్పిన గాస్పార్ మోంజ్

ఇంజనీరింగ్‌లోనో పాలిటెక్నిక్‌లోనో చేరిన పిల్లలు మొదటి ఏడాది ఒక పొడవాటి డ్రాఫ్టర్, షీట్లు చుట్టిపెట్టుకునే గొట్టం మోసుకుంటూ బస్సుల్లో నానా అవస్థా పడటం మీరందరూ చూసే ఉంటారు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ అనే ఆ పేపరంటే చాలామందికి హడలు. పైనుంచి చూస్తే ఒక బొమ్మ, ఎదురుగా నిలబడి చూస్తే ఇంకో బొమ్మ, రెంటికీ మధ్య ఎక్స్-వై అని ఒక అడ్డగీత. ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు గాస్పార్ మోంజ్ అనే ఫ్రెంచి దేశస్థుడు. తెలుగు చదువుకునే మనకి ఆయనతో ఏం పని అంటారేమో. ఆయన జీవితంలో గీతలు ఎన్ని ఉన్నాయో, చదువు ఎవరికి దక్కాలి అన్న గొడవ కూడా అంతే ఉంది. ఆ గొడవ మనదే కదా.

మోంజ్ 1746 మే నెలలో బర్గండీ ప్రాంతంలోని బోన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి చిల్లర వ్యాపారం చేసుకునే మనిషి. ఆస్తి లేకపోయినా కొడుకుల్ని మాత్రం బాగా చదివించాడు. గాస్పార్ ఊళ్ళోనే మతగురువులు నడిపే బడిలో చదివి, తర్వాత లియోన్ వెళ్ళాడు. అక్కడ పదహారు పదిహేడేళ్ళ వయసులోనే తన ఈడువాళ్ళకి భౌతికశాస్త్రం పాఠం చెప్పాడు.

1764లో సొంత ఊరికి వచ్చినప్పుడు బోన్ పట్టణం మొత్తానికీ పెద్ద కొలతలో ఒక పటం గీశాడు. కొలిచే పరికరాలు కూడా తనే తయారుచేసుకున్నాడు. ఆ పటం ఒక సైనిక ఇంజనీరు కంట్లో పడింది. ఆయన ఈ కుర్రాణ్ణి మెజియెర్‌లో ఉన్న రాజుగారి సైనిక ఇంజనీరింగ్ పాఠశాలకి సిఫార్సు చేశాడు.

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. ఆ పాఠశాలలో ఆఫీసరు చదువు పెద్దింటి పిల్లలకే. చిల్లర వ్యాపారి కొడుకుకి ఆ తరగతిలో చోటు లేదు. అందుకని అతన్ని పక్కనున్న డ్రాయింగు విభాగంలో పెట్టారు. అక్కడ పటాలకి నకళ్ళు గీయాలి, గచ్చుతో నమూనాలు పోయాలి. ఆ విభాగానికి వాళ్ళు పెట్టిన ఎగతాళి పేరు గాష్. సున్నం, గచ్చు కలపడానికి సంబంధించిన ఫ్రెంచి మాట అది. మన గచ్చుకీ దానికీ చుట్టరికం ఏమీ లేదు గానీ వినడానికి మాత్రం భలే దగ్గరగా ఉంది. తన చెయ్యి చూసి మెచ్చుకుంటున్నారు గానీ తన బుర్రని ఎవరూ అడగటం లేదని మోంజ్‌కి లోపల చాలా మంటగా ఉండేదట.

కొన్నాళ్ళకి ఒక కోట నమూనా పని అతని చేతికి వచ్చింది. కోట లోపల ఉన్న మనుషులు బయటి గుట్టమీద నిలబడ్డ శత్రువు చూపుకి గానీ, ఫిరంగికి గానీ అందకూడదు. గోడ ఎక్కడ ఎంత ఎత్తు లేపాలి? తక్కువైతే ప్రాణాలు పోతాయి, ఎక్కువైతే డబ్బు, మట్టి, కూలి వృథా. ఆ రోజుల్లో దీనికి ఒక్కో చోటుకీ విడిగా పొడవాటి లెక్కలు కట్టేవాళ్ళు. చాలా రోజులు పట్టేది. మోంజ్ ఆ లెక్కల జోలికి పోకుండా కాగితంమీద గీతలు గీసి జవాబు పట్టుకొచ్చాడు. పై అధికారి మొదట కాగితం ముట్టుకోనే లేదు. ఇంత తొందరగా అయ్యిందంటే లెక్క చెయ్యకుండానే తెచ్చాడని ఆయన అనుమానం. మోంజ్ పట్టు వదలకపోతే చివరికి చూశారు, సరిపోయింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా లేవు.

ఆ పద్ధతి ఏమిటో ఇంట్లో బూజుకర్రతో చూసుకోవచ్చు. గది మూలలో బూజుకర్ర వాల్చి పెట్టాం అనుకోండి. పై కొస రెండు గోడలూ కలిసే మూలలో నాలుగడుగుల ఎత్తున ఆనుకుంది. కింది కొస మూలకి మూడడుగులు ఇవతల, రెండు గోడలకీ సమానమైన దూరంలో ఉంది. సరిగ్గా నెత్తిమీద నుంచి ఎండ పడితే నేలమీద కర్ర నీడ మూడడుగులే. గోడకి సూటిగా ఎదురుగా వెలుగు పడితే గోడమీద నీడ సుమారు నాలుగున్నర అడుగులు. కర్రేమో నిజానికి ఐదడుగులు! ఏ నీడకి ఆ నీడ విడిగా చూస్తే రెండూ అబద్ధమే చెబుతున్నాయి. రెంటినీ కలిపి చదివితే నిజం బయటికి వస్తుంది. నేలమీద పొడవు మూడు, గోడమీద కనిపించే ఎత్తు నాలుగు, ఈ రెండు భుజాలతో లంబకోణ త్రిభుజం గీస్తే దాని కర్ణం ఐదు.

మోంజ్ ఏం చేశాడంటే, ఆ నిలువు గోడని పుస్తకం అట్టలాగా వెనక్కి వాల్చి నేలతో కలిపేశాడు. ఇప్పుడు రెండు నీడలూ ఒకే కాగితంమీదకి వచ్చాయి. గోడా నేలా కలిసిన మడత దగ్గర ఉన్న గీతే మన పిల్లలు గీసే ఎక్స్-వై గీత. వస్తువుమీద ఏ చుక్క తీసుకున్నా దాని రెండు నీడలూ ఆ మడతకి అడ్డంగా గీసిన ఒకే నిలువుగీత మీద ఉంటాయి. అంతే సూత్రం. దీనితో రాతి కమాను ముక్క ఎలా చెక్కాలో, రెండు గొట్టాలు ఎక్కడ కలుస్తాయో, ఏటవాలు దూలం అసలు పొడవు ఎంతో అన్నీ కాగితంమీదే తేల్చుకోవచ్చు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పై చూపు, ఎదుటి చూపు గీయడం మోంజ్ కనిపెట్టింది కాదు. రాయి చెక్కేవాళ్ళు, వడ్రంగులు ఎప్పటినుంచో గీస్తున్నారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1525లో అచ్చువేసిన పుస్తకంలో కూడా అలాంటి బొమ్మలున్నాయి. కానీ ఎవరి చిట్కా వాళ్ళది, ఏ పనికి ఆ పనే. వాటన్నిటి కింద ఉన్న ఒకే నియమాన్ని బయటికి తీసి, ఏ వస్తువుకైనా పనికొచ్చేలా పాఠంగా మార్చింది మోంజ్. దానికి వర్ణనాత్మక జ్యామితి అని పేరు.

అధికారులు ఆ పద్ధతిని మెచ్చుకుని పెట్టెలో పెట్టేశారు! శత్రుదేశాలకి తెలిస్తే ప్రమాదమని సైనిక రహస్యం చేశారు. మోంజ్‌కి పాఠశాలలో మెట్టు పెరిగింది. 1769లో గణితం ఆచార్యుడయ్యాడు, ఆ తర్వాత భౌతికశాస్త్రం కూడా చెప్పాడు. ఏ తరగతిలో తనకి చోటు లేదన్నారో ఆ తరగతికే గురువయ్యాడు. అయినా తన పద్ధతి గురించి బయట నోరెత్తడానికి వీల్లేదు. దాదాపు ముప్పై ఏళ్ళు అలాగే గడిచింది. మధ్యలో 1777లో పెళ్ళి, 1780లో పారిస్ సైన్స్ అకాడమీ సభ్యత్వం, తర్వాత నౌకాదళం విద్యార్థులకి పరీక్షాధికారి ఉద్యోగం.

1789లో విప్లవం వచ్చింది. మోంజ్ మనసంతా దానివైపే. 1792 ఆగస్టు నుంచి సుమారు ఎనిమిది నెలలు నౌకాశాఖ మంత్రిగా ఉన్నాడు గానీ ఆ ఉద్యోగం ఆయనకి అచ్చిరాలేదు. ఫిరంగులు పోయడం, మందుగుండు చేయడం ఊరూరా నేర్పించే పనిలో మాత్రం రాత్రింబవళ్ళు కష్టపడ్డాడు. ఫిరంగుల తయారీమీద పుస్తకమే రాశాడు.

1795లో పారిస్‌లో ఎకోల్ నార్మాల్ అనే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల తెరిచారు. నాలుగు నెలలకే మూతపడింది. ఆ కాస్త కాలంలోనే మోంజ్ తన రహస్యాన్ని అందరి ముందూ పాఠంగా చెప్పేశాడు. చెబుతుంటే సంక్షిప్తలిపిలో రాసుకున్నారు. ఆ పాఠాలే 1799లో పుస్తకంగా వచ్చాయి. గీసే మనిషికీ, చేసే మనిషికీ ఇద్దరికీ తెలిసిన భాష ఒకటి ఉండాలని, అది కార్మికుడిదాకా వెళ్తేనే దేశంలో పరిశ్రమ బాగుపడుతుందని ఆయన నమ్మకం.

1794లో మొదలైన ఎకోల్ పాలిటెక్నిక్ ఆయన కలల బడి. దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. అక్కడ వంశం అడగరు, పరీక్ష రాసి గెలిస్తే సీటు. పైగా విద్యార్థులకి భత్యం కూడా ఇచ్చేవాళ్ళు. మెజియెర్‌లో తను పడ్డ అవమానం ఇంకొకరు పడకూడదని ఆయన ఎంత పట్టుదలగా ఉన్నాడో దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే ఆ తలుపు అందరికీ తెరుచుకుందా అంటే లేదు. ఆడపిల్లలకి ప్రవేశం లేదు. సోఫీ జెర్మైన్‌కి అప్పుడు 18 ఏళ్ళు. ఆమె పాలిటెక్నిక్ పాఠాల నోట్సు ఎలాగో సంపాదించి ఇంట్లో చదువుకుని, లె బ్లాంక్ అనే మగ విద్యార్థి పేరుతో గురువు లగ్రాంజ్‌కి తన రాతలు పంపింది. తర్వాత పెద్ద గణితవేత్త అయ్యింది. వంశం చూడొద్దన్న మోంజ్‌కి ఈ సంగతి తట్టలేదంటే నాకు కష్టంగానే ఉంది. ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పాలిటెక్నిక్‌లో అమ్మాయిలకి సీటు వచ్చింది 1972లో! మన గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి మూలమైన సర్వే బడి కూడా పాలిటెక్నిక్ లాగా 1794లోనే మొదలైంది. అక్కడ మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత గారు, పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి చంటిబిడ్డతో మిగిలిన మనిషి, 1940లో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికి వచ్చారు. ఈ విషయంలో చెన్నపట్నం పారిస్ కంటే ముప్పై ఏళ్ళు ముందుంది.

తిరిగి మోంజ్ దగ్గరికి వస్తే, ఆయన జీవితంలో మెచ్చుకోలేని ఘట్టం ఇటలీ. 1796లో నెపోలియన్ గెలిచిన ఊళ్ళనుంచి చిత్రాలు, శిల్పాలు, రాతప్రతులు ఏరి ఫ్రాన్సుకి పంపే సంఘంలో ఆయన ఉన్నాడు. జ్ఞానం అందరిదీ అన్న మనిషి ఇంకొకరి ఇంటి సొత్తు మోసుకెళ్ళాడు. 1798లో నెపోలియన్‌తోనే ఈజిప్టు వెళ్ళి అక్కడి పరిశోధన సంస్థకి అధ్యక్షుడయ్యాడు. ఎడారిలో సైనికులు నీళ్ళనుకుని పరుగెత్తుతుంటే, అది ఇసుక దగ్గరి వేడిగాలిలో వెలుతురు వంగడంవల్ల వచ్చే ఎండమావి అని వివరించి వ్యాసం రాశాడు. నెపోలియన్ చక్రవర్తి అయ్యాక మోంజ్‌కి బిరుదులు, పదవులు వచ్చాయి. పాలిటెక్నిక్‌లో ఫీజు పెట్టినప్పుడు మాత్రం ఆయనకి నచ్చలేదు. తనకి అక్కడినుంచి వచ్చే డబ్బు కట్టలేని పిల్లలకి ఇచ్చేశాడని చెబుతారు.

నెపోలియన్ ఓడిపోయాడు, రాజులు తిరిగొచ్చారు. 1816లో మోంజ్ పేరు విద్యాసంస్థ సభ్యుల జాబితాలోంచి కొట్టేశారు. అదే ఏడాది అదే సంస్థ సోఫీ జెర్మైన్‌కి బహుమతి ఇచ్చింది. మోంజ్ ఆరోగ్యం, మనసు రెండూ పాడై 1818 జూలై 28న పారిస్‌లో చనిపోయాడు. అంత్యక్రియలకి వెళ్ళడానికి పాలిటెక్నిక్ విద్యార్థులకి ప్రభుత్వం సెలవు ఇవ్వలేదు. వాళ్ళు తమకి బయటికి వెళ్ళే వీలు దొరికిన రోజు వరకూ ఆగి, అందరూ కలిసి సమాధి దగ్గరికి నడిచి వెళ్ళి పూలదండ పెట్టి వచ్చారు. 1989లో ఆయన అవశేషాల్ని దేశం గౌరవించే మహనీయుల పక్కన, పాంథియాన్‌లో ఉంచారు.

ఇప్పుడు డ్రాఫ్టర్లు తగ్గిపోయి కంప్యూటర్లు వచ్చాయి. 1963లో ఐవన్ సదర్లాండ్ తెరమీద వెలుగుకలంతో గీసే స్కెచ్‌ప్యాడ్ చేసిన దగ్గర్నుంచి ఆ దారి మొదలైంది. ఈనాటి డిజైనరు వస్తువుని తెరమీద నిండు రూపంలో కడుతుంది, అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంది. కానీ వర్క్‌షాపుకి షీటు పంపాల్సి వచ్చినప్పుడు ఒక మీట నొక్కి పై చూపు, ఎదుటి చూపు, పక్క చూపు తీస్తుంది. మన దేశంలో ఆ షీటుమీద ఎదుటి చూపు పైన, పై చూపు దాని కింద ఉంటాయి. మోంజ్ గోడని వెనక్కి వాల్చినప్పుడు కాగితంమీద పడ్డ వరస అదే.