కమ్మరి ఇంట పుట్టిన ఫారడే

చదువుకు పేదరికం అడ్డమనుకునే మాబోటి రైతుబిడ్డలు మైకేల్ ఫారడే జీవితం తెలుసుకోవాలి. 1791లో లండన్ దగ్గర ఓ కమ్మరి ఇంట జన్మించాడు. బడిచదువు అంతంతమాత్రం. 14వ ఏట పుస్తకాలు బైండు చేసే షాపులో పనికి కుదిరి, చేతికొచ్చిన పుస్తకమల్లా చదివాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సు బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటేడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడయ్యాడు.

ఒక తీగచుట్టలో కరెంటు మారితే, తగలకుండానే పక్కచుట్టలో కరెంటు పుడుతుందని 1831లో కనిపెట్టాడు. 1836లో 12 అడుగుల పెద్ద పెట్టెకు లోహం తొడిగించి తానే లోపలికెళ్ళాడు. బయట నిప్పురవ్వలు చిమ్ముతున్నా లోపల విద్యుత్ జాడే లేదు!

మా పొలంలో మోటారు స్టార్టరు నొక్కితే రేడియో గరగరమంటుంది. ల్యాబులో సర్క్యూట్ బోర్డు మీద ఒక ట్రాకులోని సిగ్నలు పక్క ట్రాకులోకి దూరుతుంది. రెండూ ఒక జాతి రోగాలే. మందు ఫారడే చూపిందే. బోర్డులో కరెంటు వెళ్ళే దారినీ తిరిగొచ్చే దారినీ దగ్గరగా పెట్టి చుట్టు చిన్నది చేయాలి, పైన రేకుడబ్బా మూయాలి.

ఉన్నత గణితం రాకుండానే ఇంత చేసిన ఫారడే 1867లో కన్నుమూశాడు. లెక్కలకు భయపడి ఫిజిక్సు వదిలేద్దామనుకునే మిత్రులారా, ముందు ఓ తీగ చుట్టి చూడండి.