సయ్యద్ అమీర్ అలీ: న్యాయప్రభువుల సరసన ఒక భారతీయుడు

భారత సాక్ష్య చట్టంపై వుడ్రాఫ్, అమీర్ అలీ కలిసి రచించిన వ్యాఖ్యాన గ్రంథం పేరు వినని న్యాయవాది మన దేశంలో అరుదు. 1872 నాటి ఆ చట్టం స్థానంలో 2024 లో క్రొత్త చట్టం అమలులోనికి వచ్చినప్పటికీ, పాత తీర్పులను చదువవలసిన వారికి ఆ గ్రంథంతో పని తీరలేదు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు అమీర్ అలీ ఇస్లాం మత చరిత్రకారుడుగా పరిచితుడు. ఆయన న్యాయమూర్తిగా సాగించిన జీవితం మాత్రం తగినంతగా తెలిసినది కాదు. శాసనం చేసే సభకూ, తీర్పు చెప్పే పీఠానికీ నడుమ గల చిత్రమైన బంధం ఆ జీవితంలో ఆద్యంతం కనబడుతుంది.

సయ్యద్ అమీర్ అలీ 1849 ఏప్రిల్ 6 న ఒరిస్సాలోని కటకంలో జన్మించారు. ఆయన చదువు హుగ్లీ కళాశాలలో సాగినది. హాజీ ముహమ్మద్ మొహ్సిన్ అనే దాత 1806 లో తన ఆస్తిని వక్ఫ్ చేయగా, ఆ రాబడితో 1836 లో వెలసిన విద్యాలయమది. ఒక వక్ఫ్ నీడలో చదువుకొన్న బాలుడు తరువాతి కాలంలో వక్ఫ్ ధర్మం కొరకే వాదింపవలసి వచ్చుట గమనింపదగిన విషయం. 1868 లో ఎం.ఏ., ఆ మరుసటి ఏడు న్యాయశాస్త్ర పట్టము పొంది, ప్రభుత్వ విద్యార్థి వేతనంపై లండను వెళ్ళి, 1873 లో ఇన్నర్ టెంపుల్ నుండి బారిస్టరయ్యారు. కలకత్తాకు తిరిగివచ్చి న్యాయవాద వృత్తి, ముస్లిం ధర్మశాస్త్ర బోధన చేపట్టారు. 1883 నుండి 1885 వరకు వైస్రాయి శాసన మండలిలో సభ్యులుగా ఉన్నారు. ఇల్బర్టు బిల్లు తగవు, బెంగాలు కౌలుదారీ చట్టం చర్చ, ఈ రెండూ ఆ మండలిలో ఆయన కాలమునాటివే. 1890 లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులై 1904 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఆయన న్యాయజీవితంలో అసలు పరీక్ష వక్ఫ్ అలల్ ఔలాద్ విషయమున ఎదురైనది. ఒక ముస్లిం తన ఆస్తిని తన సంతానం, వారి సంతానం అనుభవించునట్లును, వంశం అంతరించిన పిదప పేదలకు చెందునట్లును వక్ఫ్ చేయవచ్చునా? ముస్లిం ధర్మశాస్త్రం దృష్టిలో కుటుంబ పోషణ కూడ పుణ్యకార్యమే గనుక అట్టి వక్ఫ్ చెల్లునని అమీర్ అలీ అభిప్రాయం. బికానీ మియా వ్యాజ్యంలో 1892 లో కలకత్తా ఫుల్ బెంచి వేరు విధముగా తేల్చగా, ఆయన అరబ్బీ మూలగ్రంథాలను పరిశీలించి తన భిన్నాభిప్రాయాన్ని విపులంగా వ్రాశారు. రెండేండ్లు గడిచేసరికి ఇదే ప్రశ్న అబుల్ ఫతా వ్యాజ్యంలో లండనులోని ప్రీవీ కౌన్సిల్‌కు చేరినది. 1894 లో హాబ్‌హౌస్ ప్రభువు తీర్పు వెలువరిస్తూ, పేదలకు చేరే భాగం పేరుకు మాత్రమే ఉన్నదనీ, ఎన్నటికో గాని అది వారికి దక్కదనీ, అట్టి వక్ఫ్ చెల్లదనీ నిర్ణయించారు. అమీర్ అలీ వాదాన్ని పేర్కొనియే త్రోసిపుచ్చారు. ప్రీవీ కౌన్సిల్ మాట బ్రిటిషు ఇండియా న్యాయస్థానాలన్నింటికీ శిరోధార్యం. ఆ తీర్పుతో ఎన్నో కుటుంబాల ఏర్పాట్లు తలక్రిందులైనవి.

ఇక్కడ ఆ తీర్పులు చెప్పే ప్రభువులెవరో తెలుసుకొనవలసి ఉన్నది. ఇంగ్లండులో పార్లమెంటు ఎగువసభయైన ప్రభువుల సభయే చిరకాలం ఆ దేశపు అత్యున్నత అప్పీలు న్యాయస్థానం. మన రాజ్యసభ సభ్యులలో కొందరే సుప్రీంకోర్టుగా కూర్చుండి తీర్పులు చెప్పినట్లు ఊహించుకొనవచ్చును. పూర్వం న్యాయశాస్త్రం ఎరుగని ప్రభువులు సయితం అప్పీళ్ళలో ఓటు వేయగోరేవారు. 1844 లో ఐరిష్ నాయకుడు డేనియల్ ఓ’కానెల్ అప్పీలులో న్యాయకోవిదుల నిర్ణయమే నిలిచినది, తక్కినవారు వెనుకకు తగ్గారు. 1876 చట్టం అప్పీలు న్యాయప్రభువులనే ప్రత్యేక పదవులను సృష్టించినది. మొదట ఇద్దరు, ఏటా 6,000 పౌన్ల జీతం, వారసులకు సంక్రమించని బారన్ బిరుదు, సభలో స్థానం. వీరు బిల్లులపై ప్రసంగించవచ్చును, ఓటు వేయవచ్చును. ఆ బిల్లు చట్టమైన పిమ్మట దాని అర్థమేమో తామే తేల్చవచ్చును. ఈ రెండు పాత్రల కలయిక అనుభవానికి మేలనువారు కొందరు, న్యాయానికి కీడనువారు కొందరు. 2009 అక్టోబరు 1 న బ్రిటనులో ప్రత్యేక సుప్రీంకోర్టు ఏర్పడుటతో ఈ ఏర్పాటు ముగిసినది.

ఈ న్యాయప్రభువులే డౌనింగ్ వీధిలోని ప్రీవీ కౌన్సిల్ న్యాయసంఘంలోనూ కూర్చుండి, భారతదేశం నుండి వచ్చే అప్పీళ్ళు వినేవారు. పిఠాపురం జమీందారీ వారసత్వ వివాదాలు కూడ అక్కడనే తేలినవి. మన ప్రాంతం సంగతి వేరు. 1905 లో ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లాగా మారిన కాలంలో ఇక్కడి వ్యాజ్యాలు లండనుకు పోయేవి కావు. నిజాం రాజ్యానికి తన హైకోర్టు, దానిపై తన జ్యుడీషియల్ కమిటీ ఉండేవి. 1950 లో రాజ్యాంగం 374 వ అధికరణం ద్వారా అట్టి సంస్థానపు కమిటీల అధికారం సుప్రీంకోర్టుకు సంక్రమించినది.

పదవీ విరమణానంతరం ఇంగ్లండులో స్థిరపడిన అమీర్ అలీ 1909 లో ప్రీవీ కౌన్సిల్ న్యాయసంఘ సభ్యులైనారు. ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనే. పదునైదేండ్ల క్రితం తన అభిప్రాయాన్ని త్రోసిపుచ్చిన న్యాయపీఠంపైననే ఆయనకు స్థానం లభించినది. అయితే ప్రక్కన కూర్చున్న న్యాయప్రభువులకు వెస్టుమినిస్టరులో శాసన సభాస్థానం కూడ ఉండగా, ఆయనకు అది లేదు. ప్రభువుల సభలో తొలి భారతీయుడైన ఎస్.పి. సిన్హా 1919 లో గాని ప్రవేశింపలేదు. పైగా ప్రీవీ కౌన్సిల్‌లో ఆనాడు భిన్నాభిప్రాయం బయటకు రాదు. పీఠమంతా ఒక్క గొంతుతో రాజుకు సలహా ఇచ్చుటే పద్ధతి. కలకత్తాలో విపులంగా అసమ్మతి వ్రాసిన కలానికి లండనులో ఆ వెసులుబాటు లేకపోయినది.

వక్ఫ్ సమస్యకు పరిష్కారం న్యాయపీఠం నుండి రాలేదు. మహమ్మద్ అలీ జిన్నా వైస్రాయి శాసన మండలిలో 1911 లో ప్రవేశపెట్టిన బిల్లు 1913 లో చట్టమై, 1894 తీర్పు ప్రభావాన్ని తొలగించినది. అమీర్ అలీ ఇరువది యేండ్ల క్రితం చెప్పినదే ఇప్పుడు శాసనమైనది. కాని ఆ చట్టం పూర్వపు వక్ఫులకు వర్తించలేదు.

న్యాయమూర్తిగా ఆయన శాశ్వత ముద్ర 1921 నాటి విద్యావారుథి తీర్థ వ్యాజ్యంలో ఉన్నది. మద్రాసు హైకోర్టు నుండి వచ్చిన ఆ అప్పీలులో తీర్పు అమీర్ అలీ వ్రాసినదే. మఠాధిపతిని ఇంగ్లీషు చట్టంలోని ట్రస్టీతో సమానంగా చూచుట పొరపాటని ఆ తీర్పు సారాంశం. మఠపు ఆస్తి మఠానిది, అధిపతి దాని నిర్వాహకుడు. వక్ఫ్ విషయంలో ముతవల్లీ స్థితియు అట్టిదే. హిందువుల మఠాన్నీ ముస్లిముల వక్ఫ్‌నూ ఒకే తీర్పులో ఇంగ్లీషు భావనల చెర నుండి విడిపించుట ఆయన సాధించిన కార్యాలలో మిక్కిలి గొప్పదని నా అభిప్రాయం. స్వతంత్ర భారత న్యాయస్థానాలు కూడ ఆ తీర్పును ఆధారంగా గైకొన్నవి.

ఖిలాఫత్ విషయమున 1923 లో ఆగాఖాన్‌తో కలిసి తుర్కీ ప్రధానికి వ్రాసిన లేఖ సత్ఫలితమీయలేదు. మరుసటి ఏడే ఖిలాఫత్ రద్దయినది. 1928 ఆగస్టు 3 న ససెక్సులో అమీర్ అలీ కన్నుమూసినారు. 1913 చట్టాన్ని దానికి పూర్వపు వక్ఫులకు కూడ వర్తింపజేసిన చట్టం 1930 లో వచ్చినది.