దంతరక్షణ విద్యకు దారి చూపిన ఫోన్స్

పన్ను పిప్పియై బాధించిననాడే మనము దంతవైద్యుని కొరకు పరుగెత్తుదుము. నొప్పి లేనినాడు దాని ఊసైనను తలపము. రోగము వచ్చిన పిమ్మట చికిత్స చేయుటకంటె, రాకుండ కాపాడుటయే మేలని తలచి, ఆ పని కొరకు ఒక నూతన వృత్తినే నెలకొల్పిన మహనీయుడు డాక్టరు ఆల్ఫ్రెడ్ సివిలియన్ ఫోన్స్.

ఆయన 1869లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, బ్రిడ్జిపోర్టు నగరమున జన్మించెను. తండ్రి దంతవైద్యుడు, ఆ నగరమునకు మేయరుగా కూడ ఉండెను. ఫోన్స్ 1890లో న్యూయార్కు దంతవైద్య కళాశాలలో పట్టము పొంది తండ్రి వృత్తినే చేపట్టెను. పుచ్చిన పన్నును పూడ్చుట, పనికిరానిదానిని పెరుకుట, ఇవియే ఆనాటి దంతవైద్యుని ముఖ్యకార్యములు. ఫిలడెల్ఫియాలో డాక్టరు డి. డి. స్మిత్ రోగుల పండ్లను క్రమము తప్పక శుభ్రపరచుచు మంచి ఫలితములు పొందుచుండెను. ఫోన్స్ ఆ పద్ధతిని తానును అవలంబించెను.

పండ్లపై పేరుకొను పాచిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పన్ను పైపొరను కరగించును. తీయక విడిచిన పాచి గట్టిపడి గారయగును. గార పందుంపుల్లకు గాని బ్రష్షుకు గాని లొంగదు. పనిముట్లతో గీకి తీయవలసినదే. అది ఓర్పుతోను, తీరికతోను చేయవలసిన పని. దంతవైద్యుడొక్కడే అందరికిని చేయజాలడు.

అందుచేత ఫోన్స్ 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఈ పనిని నేర్పెను. దంతవైద్యులు కానివారు రోగుల నోటిలో చేయి పెట్టుట పలువురకు రుచింపలేదు. 1907లో కనెక్టికట్ శాసనము అనుమతి లేని సహాయకులను చికిత్స చేయరాదని నిషేధించెను. పండ్లు శుభ్రపరచుటకు మాత్రము మినహాయింపు నిచ్చెను. ఆ సన్నని దారినే ఫోన్స్ రాజమార్గముగా మార్చెను.

1913 నవంబరులో ఆయన తన బండ్ల కొట్టమునే పాఠశాలగా మార్చి, స్త్రీలకు శిక్షణ ఆరంభించెను. పెద్ద విశ్వవిద్యాలయముల ఆచార్యులు వచ్చి బోధించిరి. 1914లో 27 మంది తొలి పట్టములు పొందిరి. వీరికే డెంటల్ హైజీనిస్టులని పేరు. వీరిలో కొందరు బ్రిడ్జిపోర్టు బడులలో నియుక్తులై, పిల్లల పండ్లు శుభ్రపరచి, బ్రష్షు పట్టు విధమును నేర్పిరి. నేర్చిన పదునొకండేండ్లకు, 1917లో, న్యూమన్‌కు లోకమునందలి తొలి హైజీనిస్టు లైసెన్సు లభించెను.

ఫోన్స్ 1938లో దివంగతుడాయెను. 1949లో బ్రిడ్జిపోర్టు విశ్వవిద్యాలయమున ఆయన పేర ఒక విద్యాలయము వెలసెను. మన దేశమునను 1948 నాటి దంతవైద్యుల చట్టము ఈ వృత్తిని గుర్తించెను.

హైజీనిస్టు పన్ను పెరుకడు, పూడ్చడు. గార తీసి, పండ్లకు మెరుగు పెట్టి, వాటిని కాపాడుకొను తెలివిని ఇంటికి పంపును. చేతి నేర్పును, మృదుభాషణమును, ఓర్పును గలవారికి ఇది తగిన వృత్తి. పిల్లలు దీనిని తలంపులో ఉంచుకొందురుగాక. చిన్నపనియని లోకము తలచినదానిని శ్రద్ధతో చేసి, శాస్త్రమునకు సాటిగా నిలిపినవాడు ఫోన్స్. ఆయనను తలచుకొని, మనమందరము నేటి రాత్రి పండ్లు తోముకొనియే నిద్రింతము.