ఉన్నవ లక్ష్మీనారాయణగారు: ఆర్జనమును ఆశయమును

కుమారుడు పరీక్షలో తేరిన దినమున గృహస్థుల యిండ్లలో మొట్టమొదట పుట్టు ప్రశ్న యొక్కటియే: వీడింక నెంత సంపాదించును? ఆ ప్రశ్న దోషమని మేము చెప్పబోము. కూడు లేని యింట ఉపాసన యెన్నాళ్లు నిలుచును? కాని సంపాదించునది దేనికొఱకు అను రెండవ ప్రశ్న చాల యిండ్లలో పుట్టనే పుట్టదు. ఈ రెండు ప్రశ్నలను జీవితమంతయు ప్రక్కప్రక్కన ఉంచుకొన్న యొక న్యాయవాది చరిత్రమును పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877వ సంవత్సరము డిశంబరు 4వ తేదీన గుంటూరు మండలములో, సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడున జన్మించిరి. 1892లో వారికి లక్ష్మీబాయమ్మగారితో వివాహమయ్యెను. అప్పటికి వరునకు పదునాలుగేండ్లు. బాల్యవివాహమును నిరసించు మనకిది రుచింపని సంగతియే. అయినను ఈ దంపతులు పిమ్మట చేసిన పని యా యాచారమునకు తగిన సమాధానము చెప్పినది. 1897లో మెట్రిక్యులేషను తేరి, 1900లో గుంటూరున ఉపాధ్యాయులై, 1903లో అచ్చటనే న్యాయవాదవృత్తిలో ప్రవేశించిరి.

ఈ తేదీల నడుమ నొకటి గమనింపదగియున్నది. న్యాయవాది రాబడి చేతికి రాకమునుపే, 1902లో, వారు గుంటూరున వితంతు శరణాలయమును స్థాపించిరి. వీరేశలింగము పంతులుగారి యాధ్వర్యవమున వితంతు వివాహములు జరిపించిరి. అప్పటి జీవనము ఉపాధ్యాయుని జీతము మాత్రమే. మనవారిలో అనేకులు మొదట ధనము చేరనిమ్ము, ధర్మకార్యము తరువాత చూతమని వాయిదా వేయుదురు. నూరు చేరిన వెయ్యి కావలయును, వెయ్యి చేరిన మేడ కావలయును. ఆ తరువాత అనునది పంచాంగమున కానరాదు. ఈ మాట వ్రాయుచున్న మేమును ఆ వాయిదాలు వేసినవారమే.

అట్లని ఆయనకు ఉన్నతి యందు కోరిక లేదనుకొనరాదు. నలువది యేండ్లు సమీపించుచుండగా, ఐరోపాలో మహాయుద్ధము సాగుచున్న దినములలో, ఐర్లండు దేశమునకు పోయి 1916లో డబ్లిను నగరమున బారిష్టరు పట్టమును పొందిరి. ఆ సంవత్సరముననే ఈస్టరు పండుగనాళ్లలో ఆ నగరవీథులలో ఐరిషు స్వాతంత్ర్యవాదులు తిరుగుబాటు చేసిరి. 1917లో మద్రాసు హైకోర్టున వృత్తి నారంభించిరి. ఆ కాలమున హైకోర్టు బారిష్టరనగా మైలాపూరున బంగళాయు, బండియు, కాలక్రమమున శాసనసభయు, జడ్జి పీఠమును. అట్టి మెట్లపై ఆయన కాలు మోపిరి.

అంతలో పలనాడు పిలిచెను. గురజాల, మాచర్ల ప్రాంతములు రాతినేలలు, అడవులు. పశువులే రైతుల సొత్తు. ఆ పశువులు అడవిలో మేసినందులకు ప్రభుత్వమువారు పుల్లరి యను పన్ను విధించి, చెల్లింపనివారి పశువులను బందెల దొడ్లకు తోలించుచుండిరి. 1921లో పల్లెలవారు ఏకమై అధికారులను సంఘబహిష్కారము చేసిరి. చాకలి, మంగలి, పాలు, పెరుగు ఏదియు వారికి దొరకలేదు. లక్ష్మీనారాయణగారు ఆ యుద్యమమున చేరి కారాగారమునకు పోయిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు రైతునాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను.

ఆ చెరసాలలోనే వారు మాలపల్లి నవలను వ్రాసిరి. బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన బారిష్టరు, రామదాసను మాల రైతును కథానాయకునిగా నిలిపెను. ఒకరి శ్రమ వేరొకరి గాదెకు ఎట్లు చేరునో యిందు విశదముగా చూపబడినది. ధనము దేనికొఱకను ప్రశ్న ఇచ్చట ఒక యింటిని దాటి ఊరంతటికిని వ్యాపించెను. ప్రభుత్వమువారు గ్రంథమును నిషేధించిరి.

1922లోనే గుంటూరున బాలికల విద్యకై శారదానికేతనము నెలకొల్పబడెను. మఱుసటి యేట, అనగా 1923లో, ఆయన న్యాయవాదవృత్తిని విడిచిరి. ఇచ్చట మాకు చాలకాలమొక సంశయముండెను. పాఠశాలకు ధనము మిక్కిలి యవసరమైన సమయముననే ధనమార్గమును మూసికొనుట వివేకమా? వీరేశలింగము పంతులుగారు ఆర్జించి, కూడబెట్టి, ఆ యాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసిరి. అదియు నొక త్రోవయే, దానివలన కలిగిన మేలు కొలదికి మించినది. లక్ష్మీనారాయణగారును అట్లు చేసియుండరాదా? దీనికి మాకు పూర్తిగా తృప్తికరమైన సమాధానము నేటికిని దొరకలేదు. అయినను తన్ను చెఱకు పంపిన ప్రభుత్వపు న్యాయస్థానములలోనే ఫీజు పుచ్చుకొని వాదించుట ఆ మనస్సునకు సాధ్యము కాకుండెనని మా యూహ. మఱియు, బాలికల పాఠశాలకు చందాతోపాటు మనుష్యుడును కావలయును. పగలంతయు కోర్టులో నుండు యజమాని రాత్రి చందా పంపగలడు గాని పాఠశాలలో నుండలేడు.

లక్ష్మీబాయమ్మగారి మాట విడువరాదు. నికేతనమును నడుపుటలో ఆమె భర్తకు సమభాగిని. భర్త రాబడి విడిచిన దినమున ఆ లెక్క మొదట తెలియునది గృహిణికే. ఆయన త్యాగమును పొగడువారు ఆమె పాలును మరచుట మేమెన్నియో సభలలో చూచితిమి.

పిమ్మట ఉప్పు సత్యాగ్రహమునను, అరువదియైదవ యేట 1942 ఉద్యమమునను లక్ష్మీనారాయణగారు పాల్గొనిరి. 1958వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన, ఎనుబదేండ్ల వయస్సున పరమపదించిరి. సముద్రము దాటి తెచ్చుకొన్న పట్టముతో వారు హైకోర్టున వాదించినది ఆరేండ్లు మాత్రమే. దానిని ప్రక్కకు పెట్టి జీవించినది ముప్పదియైదేండ్లు.